కాటా మారిన పాట

ప్లేటు రోజుల్లో ఘంటసాల. క్యాసెట్ రోజుల్లో బాలు, గద్దర్. సెల్‌ఫోన్ రోజుల్లో మంగ్లీ, అనురాగ్ కులకర్ణి. వీళ్లలో ఎవరు పెద్ద స్టార్? ఇందూరు (నిజామాబాద్), బోధన్ చెరుకు తోటల గట్టు మీద నిలబడి ఈ లెక్క తీస్తే తేలేదేమిటి?

చెరుకు పండించేవాడికి రెండు లెక్కలు తెలియాలి. ఒకటి టన్నేజీ, రెండోది రికవరీ. బండి కాటా ఎక్కగానే తేలేది టన్నేజీ. ఆ చెరుకును ఫ్యాక్టరీలో ఆడించాక నూరు కిలోలకు ఎన్ని కిలోల చక్కెర దిగిందన్నది రికవరీ. నీళ్లు ఎక్కువ తాగిన తోట కాటా మీద బాగా తూగుతుంది, తీరా ఆడించేసరికి రసం పలచనని తేలుతుంది. గట్టిగా పండిన గడ తూకంలో తక్కువైనా చక్కెరలో మాట నిలబెడుతుంది. పంట పెద్దదా కాదా అన్నది ఒక్క కాటా చెప్పలేదని బోధన్ చుట్టుపక్కల ఏ రైతును అడిగినా చెబుతాడు.

పాటల విషయంలో మాత్రం మనం కాటా దగ్గరే ఆగిపోతున్నాం.

బోధన్‌లో ఒక టీ హోటల్ ముందు ఆమధ్య విన్న మాట ఇది. ఇరవై ఏళ్ల కుర్రాడు ఫోన్ చూపిస్తూ, "ఇగో చూడు తాతా, కోట్ల వ్యూస్. మీ ఘంటసాలకు ఎన్నున్నయి?" అన్నాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "మా కాలంల వ్యూస్ ఏడియిరా? పెండ్లయితే మైకుసెట్టు కడుదురు. ఊరంత ఇనేది. గా ఊరును నువ్వు ఎట్ల లెక్కవెడ్తవ్?" అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే. ఊరంతా విన్న పాటను ఎట్లా లెక్కపెడతాం? ఒక కాలపు స్టార్‌ను ఇంకో కాలపు స్టార్ పక్కన నిలబెట్టి తూచడానికి మన దగ్గర కాటా ఉందా?

షక్కర్‌నగర్ దారిలో

బోధన్ పక్కన షక్కర్‌నగర్ పేరులోనే చక్కెర ఉంది. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో ఈ నేల చెరుకు నేల అయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. కాలువ వెంట కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి వర్ని, కోటగిరి వైపు క్యాంపులు వేసుకుని స్థిరపడ్డాయి. వాళ్లతో పాటు నాటక పద్యం వచ్చింది. ఇక్కడ అప్పటికే బతుకమ్మ పాట ఉంది, ఒగ్గు కథ ఉంది, ఇందూరు గల్లీల్లో ఖవాలీ ఉంది, సరిహద్దు అవతలి నుంచి మరాఠీ అభంగం ఉంది. ఇన్ని రకాల పాటలు ఒకే కాలువ నీళ్లు తాగిన చోటు తెలుగునాట మరొకటి వెతకాలి.

క్రషింగ్ రోజుల్లో ఫ్యాక్టరీ ముందు ఎడ్లబండ్ల వరుస కిలోమీటర్ల పొడవునా ఉండేది. కాటా కోసం రాత్రంతా ఎదురుచూపు. కాడి కింద ఎడ్లు నెమరేస్తుంటే బండి కింద గోనెపట్టా పరుచుకుని రైతు పడుకునేవాడు. రోడ్డు పక్క హోటల్లో టేప్‌రికార్డర్ తెల్లవార్లూ పాడుతూనే ఉండేది. నాకు తెలిసిన మొదటి సంగీత సభ అదే. టికెట్ లేదు, లెక్క లేదు. బండి మీద చెరుకుకు మాత్రం కిలో కూడా వదలకుండా లెక్క ఉంది.

ప్లేటు: ఊరికి ఒక్కటి

మన దేశంలో పాట సరుకుగా మారింది 1902లో. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. లక్కతో చేసిన ఆ ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలు. గంటసేపు సాగే ఆలాపనను ఆ మూడు నిమిషాల్లో కుదించాల్సి వచ్చింది. సినిమా పాట ఇప్పటికీ మూడు, నాలుగు నిమిషాల కొలతలోనే ఉండటానికి మూలం ఆ ప్లేటే. సరుకు కొలత పాట కొలతను నిర్ణయించడం ఆనాడే మొదలైంది.

గ్రామఫోను పెట్టె కొనగలిగినవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. మిగతా ఊరంతా వినేవాళ్లు. ఆ తర్వాత రేడియో వచ్చింది. 1952లో సమాచార ప్రసారాల మంత్రి బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపులు మూస్తే జనం ముల్లును సిలోన్ వైపు తిప్పారు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగు ఇళ్లలో ఇంటి మనిషి గొంతయింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలయ్యాక గానీ సినిమా పాట మళ్లీ సర్కారు రేడియోకెక్కలేదు.

ఈ కాలపు స్టార్ ఘంటసాల వేంకటేశ్వరరావు. 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, 1974 ఫిబ్రవరి 11న పోయేనాటికి ఆయన వయసు 51 ఏళ్లు. ఎన్ని ప్లేట్లు అమ్ముడుపోయాయని ఆయన గొప్పతనాన్ని తూచబోతే కాటా సగంలోనే ఆగిపోతుంది. ప్లేటు కొన్నవాడు ఒక్కడు, విన్నవాళ్లు వందలు. పెళ్లిపందిట్లో, జాతరలో, టూరింగు టాకీసులో సినిమాకు ముందు మైకులో మోగిన పాటకు రసీదు లేదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలను ఆయన గొంతులో విని, పద్యం చదవడం రానివాళ్లు కూడా కంఠస్థం చేశారు. అది ఏ అమ్మకాల పుస్తకంలో రాస్తారు?

సినిమా డబ్బు టికెట్టులో ఉండేది. పాట ఆ టికెట్టు తెగేలా చేసే పనిముట్టు. ప్లేటు అమ్మకం దాని పైన దొరికే కొసరు. ఆ రోజుల గాయకుడి వ్యాపార విజయాన్ని ప్లేట్లతో లెక్కించడమంటే, ఎడ్లబండి బరువును చెర్నాకోల బరువుతో అంచనా వేయడం లాంటిది.

క్యాసెట్: దుబాయి నుంచి వచ్చిన పెట్టె

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను 1963లో లోకానికి చూపించింది. మన జిల్లా ఇళ్లలోకి అది వచ్చిన దారి వేరు. ఆర్మూర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన మనుషులు సెలవుల్లో తిరిగొస్తూ భుజాన టూ-ఇన్-వన్ తెచ్చారు. ఆ పెట్టె దిగిన ఇంటి ముందు వాడంతా చేరేది.

మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. ఒక వైపు 'శంకరాభరణం' పాటలు. రెండో వైపు మొదట్లో అదే సినిమా, తర్వాత మా నాయినమ్మ గొంతు. దుబాయిలో ఉన్న మా చిన్నాయనకు ఉత్తరం రాయడం ఆమెకు రాదు. కొన్న క్యాసెట్ మీద మళ్లీ రికార్డు కాకుండా కంపెనీవాళ్లు పైన చిన్న రెక్క తీసేసి పంపేవాళ్లు. ఆ సందుకు కాగితం మడిచి అంటిస్తే రికార్డు అవుతుందని వాడలో అందరికీ తెలుసు. మా నాయినమ్మ మైకు దగ్గర నోరు పెట్టి, "కొడుకా, పైలం రా. బర్రె ఈనింది. బాయిల నీళ్లు పడ్డయి" అని చెప్పుకుంటూ పోయింది. ఆమె మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి బాలు గొంతు సగం చరణంలో మళ్లీ అందుకునేది. ఆ క్యాసెట్ దుబాయికి పోయి, రెండేళ్లకు తిరిగొచ్చింది. అరబ్బు గదిలో ఎంతమంది మనవాళ్లు దాన్ని విన్నారో, ఎంతమంది ఆ ముసలమ్మ గొంతులో తమ తల్లిని విన్నారో చెప్పలేం. కంపెనీ లెక్కలో అది ఒక్క క్యాసెట్.

1980 ఫిబ్రవరి 2న విడుదలైన 'శంకరాభరణం' ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు, కె.వి.మహదేవన్‌కు జాతీయ అవార్డులు తెచ్చింది. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కు తొలి పాట పాడిన బాలు, ప్లేటు కాలంలో అడుగుపెట్టి, క్యాసెట్‌ను ఏలి, 1996లో 'పాడుతా తీయగా'తో టీవీలోకి వచ్చి, యూట్యూబ్ కాలంలో 2020 సెప్టెంబర్ 25న కన్నుమూశాడు. ఇన్ని కాటాల మీద తూగిన గొంతు తెలుగులో ఇంకోటి లేదు. కాలాలను పోల్చాలనుకునేవాళ్లకు ఆయన జీవితమే ఒక పాఠం. గొంతు అదే, ప్రాణం అదే, పదేళ్లకోసారి తూకపు రాళ్లు మాత్రం మారుతూ వచ్చాయి.

క్యాసెట్ వ్యాపారాన్ని జనం చేతికిచ్చినవాడు గుల్షన్ కుమార్. 1983లో మొదలైన ఆయన సూపర్ క్యాసెట్స్, అదే టీ-సిరీస్, ధర తగ్గించి కిరాణా కొట్లలో కూడా పాటలు అమ్మించింది. హెచ్‌ఎంవీ దశాబ్దాల ఏకఛత్రం కూలింది. అదే ఊపులో దొంగ క్యాసెట్ కూడా పెరిగింది. ఊళ్లల్లో రికార్డింగ్ షాపులు వెలిశాయి. చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్ నిండా మనకు నచ్చినవే ఎక్కించి ఇచ్చేవారు. సాయంత్రం వెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఆ చీటీలు ఎవరైనా దాచి ఉంటే ఆ కాలపు నిజమైన హిట్ జాబితా ఇవాళ మన చేతిలో ఉండేది. కంపెనీ చెప్పిన అమ్మకం సగం నిజం. మిగతా సగం ఆ చీటీల్లో పోయింది.

ఆ కాలపు చివరి పెద్ద కెరటంలో మన జిల్లా పేరు ఉంది. 2002లో 'జయం'తో తెరమీదికొచ్చిన నితిన్‌ది ఇందూరు. మరుసటి ఏడాది 'దిల్' తీసి ఆ పేరునే ఇంటిపేరుగా మార్చుకున్న నిర్మాత రాజుదీ ఈ జిల్లానే. రెండు సినిమాలకూ ఆర్.పి.పట్నాయక్ సంగీతం. ఆటోలో, కాలేజీ బస్సులో, ఎస్టీడీ బూత్‌లో ఆ క్యాసెట్లు అరిగిపోయేదాకా తిరిగాయి. ఆ తర్వాత వచ్చిన ఎంపీ3 సీడీ ఒక్కదాంట్లో వంద పాటలు పట్టేవి. రింగ్‌టోన్లు, కాలర్ ట్యూన్లు వచ్చి పాటను ముప్ఫై సెకన్ల ముక్క చేశాయి. ఆ దశ తొందరగానే దాటిపోయింది.

లెక్కకు దొరకని స్టార్

ఈ కథలో ఏ కాటాకూ దొరకని మనిషి ఒకరున్నారు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ చదువు కొంత బోధన్‌లోనే సాగింది. తర్వాత ఆయన గద్దర్ అయ్యారు. 'మా భూమి' సినిమాలో గొంగడి కప్పుకుని బండి యాదగిరి పాటను పాడిన ఆ గొంతును తెలంగాణ మరిచిపోలేదు. ఆయన విప్లవ సాంస్కృతిక బృందం జననాట్య మండలి పాటలు పల్లెల్లోకి వెళ్లిన తీరుకు ఏ ఆడియో కంపెనీ పంపిణీ సరితూగదు. విన్న పాటను నోటికి పట్టుకుని ఇంకో ఊరికి మోశారు. క్యాసెట్ దొరికితే దాని నుంచి ఇంకో క్యాసెట్ ఎక్కించారు. ఆ క్యాసెట్ ఇంట్లో దొరికితే ప్రమాదమని తెలిసీ బియ్యం గుమ్మిలో దాచిన ఇళ్లున్నాయి.

ప్రమాదమని తెలిసీ విన్న శ్రోత ఒక్కడు, యథాలాపంగా వేలితో తాకిన వెయ్యిమందిలో ఒక్కడితో సమానమేనా? ఏ చార్టూ ఈ తేడా చూపదు.

1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు వచ్చిన నంది అవార్డును గద్దర్ తిరస్కరించారు. 2023 ఆగస్టు 6న ఆయన పోయారు. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు మీదే సినిమా అవార్డులిచ్చింది. అవార్డు వద్దన్న మనిషి పేరే అవార్డయింది. ఆయన పాట అమ్మకాల అంకె ఏ కంపెనీ దగ్గరా లేదు, కానీ ఆయన పాట తెలియని తెలంగాణ ఊరు లేదు.

అదే దారిలో 2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభ, తొలి ధూంధాం జరిగింది. రసమయి బాలకిషన్ వంటి కళాకారులు వేదికను ఊరి మధ్యకు తెచ్చారు. రాత్రంతా కదలని జనం, తెల్లారి పనికి పోతూ ఆ పాటలే పాడుకున్న జనం. తర్వాత పన్నెండేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఒక పాట ఏం సాధించిందని అడిగితే ఇంతకంటే పెద్ద సమాధానం ఏముంటుంది?

సెల్‌ఫోన్: బాన్సువాడ నుంచి లోకానికి

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డేటా ధర ఒక్కసారిగా నేలకు దిగింది. చెరుకు కొట్టే కూలీ చేతిలో, బీడీలు చుట్టే అక్క ఒళ్లో ఫోన్ పాడటం మొదలుపెట్టింది. పది నెలల తర్వాత, 2017 జూలై 21న 'ఫిదా' విడుదలైంది. శేఖర్ కమ్ముల కథ నడిపిన ఊరు మన బాన్సువాడ. సుద్దాల అశోక్‌తేజ రాయగా, శక్తికాంత్ కార్తీక్ సంగీతంలో మధుప్రియ, రామ్కీ పాడిన 'వచ్చిండే' పాట యూట్యూబ్‌లో 10 కోట్ల వ్యూస్ దాటిన తొలినాటి తెలుగు పాటల్లో ఒకటిగా నిలిచింది. చిన్నతనంలో ఆడపిల్ల గోడు పాడి జనాన్ని ఏడిపించిన గోదావరిఖని అమ్మాయి మధుప్రియ గొంతు బాన్సువాడ పెళ్లింటి మీదుగా లోకమంతా తిరిగింది.

నాలుగేళ్లకు అదే దర్శకుడు 'లవ్ స్టోరీ' తీశాడు. ఈసారి కథలోని మనుషులది ఆర్మూర్. ఆ సినిమా కోసం మంగ్లీ పాడిన 'సారంగ దరియా' 2021 ఫిబ్రవరి 28న వచ్చి, నెలరోజులు కాస్త అటూ ఇటూగా 10 కోట్ల వ్యూస్ అందుకుంది. కామారెడ్డిలో పుట్టిన అనురాగ్ కులకర్ణి, 2018లో 'ఆర్ఎక్స్ 100', 'మహానటి', 2020లో మంగ్లీతో కలిసి 'అల వైకుంఠపురములో' పాటతో ఈ కాలపు పెద్ద గొంతుల్లో ఒకడయ్యాడు. ఇక సినిమా అండ లేకుండానే ఊళ్లలో తీసిన ఫోక్ సాంగ్స్ కోట్లలో వ్యూస్ తెచ్చుకుంటున్నాయి. 2025లో 'రాను బొంబాయికి రాను' దేశమంతా ఆడింది. కెమెరా ఒకటి, పొలం గట్టు ఒకటి, గొంతు ఒకటి ఉంటే చాలన్న ధైర్యం పల్లెకు వచ్చింది. ప్లేటు కాలంలో కలకత్తాకో మద్రాసుకో పోతే తప్ప రికార్డు కాని గొంతు, ఇవాళ వర్ని చౌరస్తా దాటకుండా లోకానికి చేరుతోంది. ఇది మామూలు విజయం కాదు. పాత కాలమే బంగారమనేవాళ్లు ఈ సంగతి ఒప్పుకుని తీరాలి.

అమెరికాలోనూ ఇదే తకరారు

మనకే కాదు, చార్టులకు పుట్టిల్లయిన అమెరికాలోనూ ఈ తూకం తెగలేదు. బిల్‌బోర్డ్ 'హాట్ 100' జాబితా 1958లో మొదలైంది. 1964 ఏప్రిల్ 4 జాబితాలో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్‌వే. అర్ధశతాబ్దానికి పైగా ఆ రికార్డు చెక్కు చెదరలేదు. 2018 జూలైలో డ్రేక్ ఒకేసారి ఏడు పాటల్ని తొలి పదిలో పెట్టాడు. 2022లో టేలర్ స్విఫ్ట్ పదికి పదీ తీసుకుంది. 2024లో తొలి పద్నాలుగూ ఆమెవే.

అంటే బీటిల్స్ కంటే వీళ్లు పెద్దవాళ్లా? కాటా వైపు చూడండి. 1964లో ఒక పాట పైకెక్కాలంటే అభిమాని కొట్టుకు వెళ్లి ఆ పాట ప్లేటు విడిగా కొనాలి, రేడియోవాళ్లు దాన్ని పదే పదే వేయాలి. ఇవాళ ఆల్బమ్ విడుదలైన రాత్రి అభిమాని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి విన్నా అందులోని ప్రతి పాటా ఖాతాలో పడుతుంది. 2014 డిసెంబర్ నుంచి బిల్‌బోర్డ్ తన ఆల్బమ్ చార్టులో 1,500 స్ట్రీములను ఒక ఆల్బమ్ అమ్మకంగా లెక్కించడం మొదలుపెట్టింది. తర్వాత ఆ మారకపు రేటును మళ్లీ మార్చింది. రేటు మారేసరికి రాజులు మారారు.

అయినా కొత్తవాళ్ల విజయం బూటకం కాదు. స్విఫ్ట్ 'ఎరాస్ టూర్' 2023 మార్చి నుంచి 2024 డిసెంబర్ దాకా 149 ప్రదర్శనలతో 200 కోట్ల డాలర్లు దాటింది. ఆ డబ్బు ప్లేట్లమ్మి వచ్చింది కాదు. మైకేల్ జాక్సన్ 1982 నాటి 'థ్రిల్లర్' కాలంలో ఆదాయం ఆల్బమ్‌లో ఉండేది, ప్రదర్శన ఆల్బమ్‌కు ప్రచారం. ఇవాళ పాట దాదాపు ఉచితం, ప్రదర్శనే ఆదాయం. మన దగ్గరా అదే దారి. యూట్యూబ్ పాటతో పేరు తెచ్చుకున్న గొంతు జాతరలు, పెళ్లిళ్లు, గణేశ్ మండపాల ఈవెంట్లతో బతుకుతోంది.

హోటల్ లెక్క

షక్కర్‌నగర్ హోటల్‌కు మళ్లీ వద్దాం. ఒక చిన్న లెక్క కడదాం. ఆ హోటల్ యజమాని పది పాటల క్యాసెట్ ఒకటి కొన్నాడనుకోండి. రోజుకు మూడుసార్లు వేశాడు. వేసినప్పుడల్లా ఇరవైమంది విన్నారు. నూరు రోజుల క్రషింగ్ సీజన్‌లో ఒక్కో పాట 6,000 సార్లు చెవినబడింది. పది పాటలకు 60,000. బిల్‌బోర్డ్ 2014 నాటి రేటుతో భాగిస్తే ఇది 40 ఆల్బమ్‌ల అమ్మకంతో సమానం. ఆనాటి కంపెనీ పుస్తకంలో మాత్రం రాసింది ఒకటి.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఒక కుర్రాడు నచ్చిన పాటను నెలపాటు రోజుకు పదిసార్లు వింటే వ్యూస్ ఖాతాలో మూడు వందల దాకా పడవచ్చు. మనిషి మాత్రం ఒక్కడే. ఆనాటి అంకె విన్నవాళ్లను తగ్గించి చూపింది. ఈనాటి అంకె విన్నసార్లను మనుషులుగా మనకు తోపిస్తోంది. దీనికి తోడు జనాభా. 1951 జనగణన నాటికి దేశంలో మనం 36 కోట్లమంది, 2011 నాటికి 121 కోట్లమంది. చేను మూడింతలు పెరిగాక పంట ఎక్కువ వచ్చిందంటే, ఆ గొప్పలో విత్తనం వాటా ఎంతో, చేను వాటా ఎంతో విడదీసి చూడాలి.

అందుకే ఘంటసాల ప్లేట్లనూ మంగ్లీ వ్యూస్‌నూ పక్కపక్కన రాసి ఎవరు గెలిచారని అడగడం సరికాదు. బస్తాలనూ లీటర్లనూ కలిపి కూడిన లెక్క అది.

రైతుకు ధర ఉంది, పాటకు?

టన్నేజీ తర్వాత రైతు అడిగేది బిల్లు. చెరుకుకు కేంద్రం ఏటా ధర కడుతుంది. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ పెరిగితే ధర పెరుగుతుంది. అమలు ఎట్లా ఉన్నా, పండించినవాడికి వాటా ఉండాలన్న సూత్రం చట్టంలో ఉంది.

పాటకు ఆ సూత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. దశాబ్దాల పాటు పాడినవాళ్లకూ రాసినవాళ్లకూ ఎక్కువగా దొరికింది ఒక్కసారి ఇచ్చే పారితోషికం. ఆ తర్వాత పాట ఎన్నేళ్లు మోగినా ఎక్కువ భాగం హక్కుదారుడిదే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాకే, రచయితకు, స్వరకర్తకు రాయల్టీ హక్కును ఎవరూ పూర్తిగా రాయించుకోలేని రక్షణ దొరికింది. మరుసటి ఏడాది గాయకులు తమ హక్కుల కోసం ఇస్రా సంఘం పెట్టుకున్నారు. 2017లో తన పాటలను వేదికల మీద పాడేందుకు అనుమతి కావాలంటూ ఇళయరాజా బాలుకు నోటీసు పంపినప్పుడు అభిమానులు నొచ్చుకున్నారు. ఆ నొప్పి వెనుక ఉన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. పాట ఎవరిది?

'సారంగ దరియా' దగ్గర ఆ ప్రశ్న మన గుమ్మంలోకి వచ్చింది. ఆ పల్లవి పల్లె నోట పుట్టింది. దాన్ని సేకరించి, మా టీవీ 'రేలారే రేలా' వేదిక మీద పాడిన జానపద గాయని కోమలి, తనకు గుర్తింపు ఏదని అడిగింది. పేరు, పారితోషికం దక్కేలా చూస్తామని దర్శకుడు ప్రకటించాడు. ఆమె అడగకపోతే? అడగడానికి ఏ వేదికా లేని ముసలమ్మల పాటలు ఎన్ని కోట్ల వ్యూస్ కింద పేరు లేకుండా పడి ఉన్నాయి? మన పల్లెల్లో వరినాట్ల పాట, ఇసుర్రాయి పాట, బతుకమ్మ పాట పాడిన గొంతులకు బిల్లు ఎవరు రాశారు?

రికవరీ

చెరుకులో మోడెం తోట ఉంటుంది. మొదటి పంట నరికాక భూమిలో మిగిలిన మోడు నుంచి మళ్లీ చిగురించే పంట. కొత్తగా విత్తనం వేయకుండానే వస్తుంది. మంచి వేరుంటేనే వస్తుంది. పాటకు నిజమైన పరీక్ష మోడెం పంటలోనే ఉందని నా నమ్మకం. వ్యాపారం నరికేసుకుని పోయాక, ప్రచారం ఆగిపోయాక, పాట దానంతటది మళ్లీ చిగురించిందా?

ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను ఆయన పోయిన ఏడాదే హెచ్‌ఎంవీ విడుదల చేసింది. అర్ధశతాబ్దం దాటింది. ఇవాళ నిజామాబాద్ వీధిలో వైకుంఠ రథం కదిలితే వినిపించేది ఆ గొంతే. ట్రాఫిక్ ఆగుతుంది. బండి మీద ఉన్నవాడు హెల్మెట్ తీస్తాడు. కొట్టులో కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. ఆ నిమిషానికి వ్యూస్ లేవు, చార్టు లేదు, పైసా లేదు. ఒక ఊరు మొత్తం ఒక గొంతుకు లేచి నిలబడటం ఉంది. తెలుగు గొంతుల్లో ఇంతకు మించిన రికవరీ నేను చూడలేదు.

ఈనాటి పాటలకు ఆ యోగం లేదని అనను. బతుకమ్మ నాడు మా వాడ ఆడపిల్లలు పాత పాటల మధ్య మంగ్లీ పాటలు కలిపి చప్పట్లతో పాడుతున్నారు. స్పీకర్ ఆపినా పాట ఆగడం లేదు. అక్కడ కొత్త మోడు వేరు పట్టుకుంటోంది. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్ల బిడ్డలు పాడితే పంట నిలిచినట్టు. ఆ తీర్పు కాలం ఇవ్వాలి, కౌంటర్ ఇవ్వలేదు.

షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఒకప్పుడు ఎన్ని లక్షల టన్నులు ఆడించిందో చెప్పుకునే అంకెలు దాన్ని కాపాడలేకపోయాయి. అంకె ఎంత పెద్దదైనా, పండించినవాడికి బిల్లు అందకపోతే తోట మిగలదు, ఫ్యాక్టరీ మిగలదు. పాటల తోటకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి ఎవరు పెద్ద స్టార్ అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఏ కాలపు స్టార్‌ను ఆ కాలపు కాటా మీదే తూచండి. కాలాలు దాటి పోల్చాలంటే రికవరీ చూడండి. ఆ కొలతలో ఘంటసాల, గద్దర్ ఇప్పటికే నిగ్గుతేలారు. బాలు తేలుతున్నాడు. మంగ్లీ, మధుప్రియ, అనురాగ్‌లకు ఇంకా సీజన్ నడుస్తోంది.

పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంట్లోనూ ఒక నాయినమ్మో అమ్మమ్మో ఉంటుంది, ఆమెకు ఒక పాట వచ్చి ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ తీసి ఆ పాట రికార్డు చేయండి. కింద ఆమె పేరు, ఊరు పేరు, ఆ పాట ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో రాయండి. రేపు ఆ పాట ఎన్ని కోట్ల మందికి చేరినా, పండించిన చేతి పేరు దాని మీద ఉండాలి.